తిరిగి రావడానికి పది సెకన్లు

బ్రనో నగరంలో మా స్టూడియో మూడో అంతస్తు.
కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు.
మైకులు ఆపి, అది పోయేదాకా గోళ్లు చూసుకుంటాం.

యుద్ధాల ఆటలకు చప్పుళ్లు ఏరిపెట్టడం నా పని.
పోయిన చలికాలం ఒక పాత ట్యాంకు పొట్టలోకి దూరి
దాని దగ్గు పట్టుకొచ్చాను:
డీజిల్ అంటుకోక మూడుసార్లు, అంటుకున్నాక ఒకసారి.
గులకరాళ్ల మీద గొలుసుపట్టా నడక మాత్రం సరిగా రాలేదు.
ఊళ్లను తొక్కుకుంటూ పోతోందని మీరు వణికే ఆ చప్పుడులో
సగం, మా అమ్మ కేకులోకి గసగసాలు విసిరే మరది.

విమానం దగ్గర గసగసాలు పనిచెయ్యలేదు.
అందుకని ఓటకర్ హ్రూబెష్‌ని పిలిచారు.
డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు మిగ్ నడిపినవాడు.
గంటకింతని మాట్లాడుకుని
రొట్టె, పచ్చి ఉల్లిపాయ సంచిలో తనే తెచ్చుకున్నాడు.

కుర్చీలో కూర్చోగానే అన్నాడు:
"సీటు వెచ్చగా ఉంది. తప్పు."
కాసేపాగి,
"ముసుగు కింద ముక్కు దురద పెట్టాలి.
గోక్కోవడం కుదరకూడదు."
ప్రోగ్రాం రాసే కుర్రాడు వీత్
బుద్ధిగా రాసుకున్నాడు: ముక్కు దురద, తర్వాతి వెర్షన్‌లో.

నేను నా ఇంజను గర్జన వినిపించాను, గొప్పగా.
కళ్లు మూసుకుని విన్నాడు.
"బాగుంది. కంచె అవతల నిలబడి సైకిల్ పట్టుకున్న పిల్లాడికి
ఇలాగే వినిపిస్తుంది.
లోపల మాకు వినిపించేది మా ఊపిరే, అమ్మాయ్."

సరే, ఊపిరి తీసుకున్నాను.
ముసుగు తగిలించి, లోపల చిన్న మైకు అతికించి.
ఆటలో పైలట్‌కి ఇరవై మూడేళ్లు;
రాత్రి కూర్చుని పిల్లికూతలు ఏరి పారేస్తే సరిపోతుందనుకున్నాను,
బియ్యంలో రాళ్లలాగా.

"ఒకసారి ఎగరండి" అన్నాడు వీత్.
ఎగిరాడు.
ఎర్ర చుక్కలు నాలుగు తూర్పున మొలిచాయి.
"కాల్చండి, కాల్చండి!" వీత్ బల్ల గుద్దుతున్నాడు.
ముసలాయన వాటికేసి చూడనైనా లేదు.
ముక్కు పడమటికి తిప్పాడు.

చేపల చెరువులు. హాప్స్ తీగల కొయ్యలు. తర్వాత అడవి, నల్లగా.
"ఇక్కడికొస్తే చెవిలో ఒక గొంతు అరిచేది" అన్నాడు,
ఎవరితోనో తెలీదు.
"పక్కనే స్లావొమీర్ ఎగిరేవాడు, మా పెళ్లిలో అకార్డియన్ వాయించినవాడు.
నేను ఎడమకు తిరక్కపోతే
వాడి రెక్క కింద ఉన్నది నాకే.
వాడు తిరక్కపోతే, నా రెక్క కిందది.
ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు దాని గురించి.
పదకొండేళ్లు, ఎడమకు."

అడవి దాటబోతుండగా తెర బూడిదరంగుకు మారింది.
ఎర్రటి అక్షరాలు:
మీరు యుద్ధక్షేత్రం దాటిపోతున్నారు. తిరిగి రండి.
పది.
తొమ్మిది.

"అవతల ఏముంది?"
"ఏమీ లేదండీ" అన్నాడు వీత్, కాస్త సిగ్గుపడి.
"అక్కడిదాకా గీయలేదు."
"మాకిచ్చిన మ్యాపులోనూ అంతే. తెల్లగా ఉండేది."

ఆరు.
ఐదు.
పోనివ్వండి, అనాలనిపించింది నాకు.
ఏమవుతుంది, మహా అయితే మళ్లీ మొదటి నుంచి ఆట.
మూడు దగ్గర ఆయన మణికట్టు,
ఆయన్ని అడక్కుండానే,
ఎడమకు తిరిగింది.

ముసుగు తీసి, చేతిని కాసేపు చూసుకున్నాడు,
పక్కింటివాళ్ల కుక్కను చూసినట్టు.
తర్వాత ఉల్లిపాయ తిన్నాడు.

ఆ రాత్రి పిల్లికూతలు ఏరుతూ అక్కడికొచ్చాను.
పది నుంచి మూడు దాకా ముసుగులో ఏమీ లేదు.
ఎంత పెంచినా లేదు.
ట్రామ్ మాత్రం, దూరంగా, గోడల్లోంచి.

ఆట బయటికొచ్చి ఏడాది.
సరిహద్దు దగ్గర పైలట్ ఊపిరి ఆగిపోతోంది, బాగుచేయండని
ఇప్పటికీ ఫిర్యాదులు వస్తాయి.
చూస్తున్నామని జవాబిస్తాను.