మూడో అంకె

ఆవులు పోట్లాడుకునే ఊరు మాది.
ఎవరూ ఉసిగొల్పరు.
మంచు కొండ మీదికి వెనక్కి తగ్గగానే
పొట్టి కాళ్ల నల్లావులు కొమ్ముకి కొమ్ము ఆనించి
ఈ ఏడు మందకి రాణి ఎవరో తేల్చుకుంటాయి.
వాలే కనుమల్లో అదే మాకు పండగ, అదే పంచాయితీ.
గెలిచిన ఆవు తల దించి గడ్డిలో పడుతుంది.
గెలిపించానన్నవాడు మాత్రం
రాత్రి రెండింటిదాకా సారాకొట్టు బల్ల దిగడు.

ఫిర్మాన్ సంగతే చెబుతున్నాను.
"నా తాంపెత్ అలా చూసిందంతే, మూడావులు తోక ముడిచాయి" అంటాడు.
తెల్లారేసరికి అవి ఏడవుతాయి.
వాళ్ల చూరు కింద పదకొండు బహుమతి గంటలు.
గాలి లేని రోజు తనే కర్రతో కదిపి వస్తాడని
మా ఆయన ఒట్టేసి చెబుతాడు.

నేనా, నోరు విప్పను.
నిండుకుండ తొణకదు.

మొన్న చలికాలం పాల సంఘం వాళ్లు
లోజాన్ నుంచి ఒకావిడని పిలిపించారు,
మాకు కలిసి పనిచెయ్యడం నేర్పమని.
జున్ను గది పైన, పులిసిన వాసనలో, నూట నలభై ప్రశ్నలు.
మనుషులు తొమ్మిది రకాలట, రకానికో అంకెట.
ఆవుల డొక్కల మీద తెల్లరంగు అంకెలు వేసి బరిలోకి తోలేవాళ్లం,
మా వంతు వచ్చేసరికి మెడలు ముడుచుకు కూర్చున్నాం.

ఫిర్మాన్‌కి మూడొచ్చింది.
"మూడా!" లేచి నిలబడ్డాడు.
"ఒకటి ఎవడికొచ్చింది?"

కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాం.
ఆవిడ నవ్వలేదు.
"అది వరస కాదండీ, ఉత్త పేరు" అని
సుద్దముక్క వేళ్లమధ్య తిప్పుతూ చెప్పింది:
గెలిచొచ్చిన రోజే
ఒళ్లో చోటు దొరికిన పిల్లాడు మూడంటే.
తక్కిన రోజుల్లో తనెక్కడున్నాడో తనకే తెలీదు.
అందుకే పెద్దయ్యాక
ప్రతి గుమ్మంలోనూ గెలుపుని ముందు నిలబెట్టి
దాని వెనక నక్కి ఉంటాడు,
తలుపు తీస్తారో లేదోనని.

ఫిర్మాన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
వాళ్ల నాన్న నాకు తెలుసు.
ఆవు ఓడిన సాయంత్రం
ఆవుకి గడ్డి వేసి, నీళ్లు పెట్టి,
దాన్ని తోలుకొచ్చిన ఎనిమిదేళ్లవాడితో
పడుకునేదాకా పలకనివాడు.

హమ్మయ్య, ఒక మనిషి పూర్తిగా అర్థమయ్యాడనుకున్నాను.
అర్థమైపోవడం ఎంత హాయి!
ఇంక వాణ్ణి వినక్కర్లేదు.

తర్వాత నా కాగితం తిప్పాను.
మూడు.

కూడికలో తప్పు పడిందేమోనని మళ్లీ కూడాను.
మళ్లీ మూడే.
ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి
"గొప్పలు చెప్పుకోని మూళ్లు కూడా ఉంటారు,
వాళ్లు ఆడేది ఎవరు తక్కువ మాట్లాడతారనే పందెం" అంది.
ఇరవై ఏళ్లుగా
నేనెంత తొణకనిదాన్నో
రొట్టెల కొట్లో, చర్చి మెట్ల మీద, మా ఆయన చెవిలో
ఒలకబోస్తూనే ఉన్నానన్నమాట.

మేలో తాంపెత్ ఓడిపోయింది.
నిన్నగాక మొన్నటి పెయ్య ముందు
వెనక్కి తిరిగి, మెల్లగా, ఏమీ జరగనట్టు నడిచొచ్చింది.
ఫిర్మాన్ కంచె పక్క బెంచీ మీద ఒక్కడే.
ఊళ్లోవాళ్లు ఆ వైపు చూడకుండా నడిచారు.
వెళ్లి కూర్చున్నాను.

చాలాసేపటికి గొంతు సవరించుకుని అన్నాడు:
"ఒక్కటి చెప్పనా? నా అంత పక్కా మూడు
ఈ లోయలోనే లేడు."

నోటిదాకా వచ్చింది. మింగేశాను.
కాగితం మీద అతనికంటే నాకు
నాలుగు మార్కులు ఎక్కువ.
ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు,
మీకు తప్ప.