ముప్పై రెండు పుల్లలు

కటిపునన్ ఫ్లైఓవర్ దిగుతుంటే
వెనక హబ్బు మర ఊడి
పెడళ్ళు ఒక్కసారిగా తేలికైపోయాయి.
ఫిక్సీ తొక్కేవాళ్ళకి అంతకన్నా భయం లేదు.
కాలు బిగిస్తే ఆగాల్సిన బండి
నా కాలి మాట వినడం మానేసింది.
ముందున్న జీప్నీకి వేలాడుతున్న పెద్దాయన
నా కళ్ళలోకి చూసి
చంకలో కోడిపుంజుని గుండెకి హత్తుకున్నాడు.
చెప్పు రోడ్డుకేసి రాసి రాసి ఆపాను.
ఆ చెప్పు ఇప్పుడు లేదు.

ఇక లెక్క.
జేబులో రెండు వేల ఎనిమిదొందల పెసోలు.
అందులో మూడొందలు
అక్క లుడివినా గ్యాసు బండకిచ్చినవి.
రేపు పొద్దున పదింటికి మళ్ళీ
మనీలా ఎండలో భోజనం డబ్బాలు మొయ్యాలి.

కార్టిమార్ బజారులో మొదటి దుకాణం.
గోడ నిండా అరచేయి లోతు రిమ్ములు,
బంగారు రంగువి, ఊదా రంగువి,
గాజుల కొట్టులో దీపం వెలిగించినట్టు.
టైర్లతో సహా జత రెండు వేల నాలుగొందలు, అంది అమ్మే పిల్ల.
నా నల్ల ఫ్రేముకి మనసులోనే తొడిగి
అద్దాల మేడల ముందు మూడుసార్లు తిరిగొచ్చాను.
చేత్తో ఎత్తితే పెళ్ళి గుండిగంత బరువు.
ఇరుసు తిప్పితే లోపల ఎవరో ఇసుక నములుతున్నారు.
పైన పటారం, లోన లొటారం.
తెలిసీ ఇంకో నిమిషం నిలబడ్డాను.
పటారం కూడా ఒక సుఖమే కదా.

రెండో చోట జపాన్ నుంచి కంటైనర్లలో వచ్చిన పాత సామాను.
ఎవరో పందేల్లో తొక్కి వదిలేసిన చక్రం.
తిప్పి వదిలాను.
అక్క మెసేజికి జవాబిచ్చి తలెత్తేసరికి
ఇంకా తిరుగుతూనే ఉంది.
వెల అడిగాను.
అడక్కుండా ఉండాల్సింది.

మెట్ల కింద మాంగ్ టెరెన్సియో.
నా చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని
పసిపిల్ల కడుపు చూసినట్టు వేలితో తట్టాడు.
"రిమ్ము బాగుంది. మూడు పుల్లలు తప్ప అన్నీ బాగున్నాయి.
చచ్చింది హబ్బు ఒక్కటే.
శవం ఒకటైతే ఊరంతా తవ్వుతావా?"
ముందు చక్రం జోలికి పోవద్దన్నాడు. అది మోస్తుందంతే.
వెనకది మొయ్యాలి, తొయ్యాలి, ఆపాలి.
డబ్బంతా అక్కడ పెట్టు.

పేరులేని తైవాన్ హబ్బు, పద్నాలుగొందలు.
మూడు పుల్లలు, నలభై అయిదు.
లాక్‌రింగు మూడొందల ఇరవై:
"బేరం దేనికైనా ఆడు, దీనికి ఆడకు."
కూలి మూడొందల యాభై.
తర్వాత తల గోక్కుని,
ముందుకి ఒక బ్రేకు, రెండొందల యాభై, అన్నాడు.
"ఇది అమ్మడం కాదమ్మా, బతిమాలడం."
బ్రేకు కోతి చెయ్యిలా ఉంది.
వద్దనబోయాను.
కోడిపుంజు గుర్తొచ్చింది.

గంటన్నర అల్లాడు.
బెండు తీసి, పుల్లలు ఒక్కొక్కటీ మీటాడు,
రెండు వైపులా ఒకే శ్రుతి పలికేదాకా.
గేర్ల బండికి ఈ భాగ్యం లేదట,
అక్కడెప్పుడూ ఒక వైపు ఎక్కువ ఏడుస్తుందట.
"తొలిరోజు టింగు టింగుమంటాయి. మెలికలు సర్దుకుంటాయి.
వారం తర్వాత తీసుకురా. డబ్బు తేవద్దు, ఎండుచేప తే."

గ్యాసు డబ్బు ముట్టలేదు.
మిగిలిన నూట ముప్పై అయిదులో
నూట ఇరవై చెప్పులకి పోయాయి.

సాయంత్రం అదే ఫ్లైఓవర్.
ఎక్కుతుంటే టింగ్.
కాసేపటికి, ఇంకోటి.
దిగుతూ, ఊపిరి బిగబట్టి, కాళ్ళు వెనక్కి నొక్కాను.
విన్నది.

కింద సిగ్నల్ దగ్గర ఎవడో కుర్రాడు,
ఊదా రంగు లోతు రిమ్ములు,
పొద్దుగుంకే వెలుతురంతా వాటిలోనే తిరుగుతోంది.
ఇసుక నమిలే చప్పుడు నాదాకా వినిపిస్తోంది.
అయినా సరే,
ఎంత బాగున్నాయో!