మంచు ఎటు పోస్తారు

అక్టోబరు ఇంకా అయిపోలేదు.
హాంకాక్ కొండ మీద మేపుల్ చెట్లు ఎర్రగానే ఉన్నాయి.
హార్డ్‌వేర్ కొట్లో మాత్రం అప్పుడే
స్నో బ్లోయర్లని వరసగా నిలబెట్టారు,
పెళ్లిచూపులకొచ్చిన మగపిల్లల్లా.
ఎర్రవి, నారింజవి, మూలకి ఒక పసుపుది.
ఒక్కటీ నోరు విప్పదు.
మెడలో ధర చీటీలు.

నాకు తెలిసింది పార ఒక్కటే.
పోయిన జనవరిలో ఆ పారే
మా ఆయన భుజాన్ని మింగింది.
పేరుకి గోవర్ధన్. ఆపరేషన్ అయ్యాక
కుడి చెయ్యి చెవి దాకా లేస్తుంది,
అక్కడ ఆగి ఆలోచిస్తుంది.
మిగిలిన శీతాకాలమంతా పార నాది.
నాలుగింటికి మంచు, అయిదింటికి ఆస్పత్రి.
నెత్తురు తీసేదాన్ని నేను.
నరం దొరికేసరికి నా చేతులు వణకకూడదు.

కొట్టు ముసలాయన అర్వో.
ఏది మంచిదండీ అంటే
గుర్రపు బలాలు చెప్పలేదు.
"మీ దారి సిమెంటా, తారా, కంకరా?"
కంకర.
సింగిల్ స్టేజ్‌ది కాలితో పక్కకి నెట్టాడు.
"ఇది నేల నాకేస్తుంది.
మీ గులకరాళ్లు పక్కింటి కిటికీలో తేలతాయి."
వాలుందా?
ఉంది. దిగేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాం.
బ్యాటరీది చూపించాను. పొగ లేదు, రొద లేదు,
ముచ్చటగా ఉంది.
"సగం దారి దాకా ముచ్చటగానే ఉంటుంది," అన్నాడు.

అసలు పని దారి కాదట.
ఊరి ప్లౌ బండి వెళ్లిపోతూ
మన గుమ్మానికి అడ్డంగా వదిలే గట్టు.
ఉప్పూ ఇసకా మంచూ కలిసి గడ్డకట్టిన గట్టు.
గట్టు తగాదాలు నాకు కొత్తకాదు,
మా నాన్న దస్తావేజుల రాయసగాడు.
ఈ గట్టుకి మాత్రం అవతలి పార్టీ లేదు,
వాయిదా లేదు. పళ్లున్న యంత్రం కావాలి.

అర్వో నా అరచేతిలో ఒక చిన్న పిన్ను పెట్టాడు.
రాయి తగిలితే ముందు ఇది విరుగుతుంది,
విరగడానికే పెట్టారు,
ఇది విరిగితేనే గేరు బతుకుతుంది.
కాసేపు దాన్నే చూస్తూ ఉన్నాను.
మా ఇంట్లో పోయినేడు విరిగింది ఏమిటో
అప్పుడు తెలిసింది.
"ఓ అరడజను ఇవ్వండి," అన్నాను.

ఇరవై నాలుగు అంగుళాల ఎర్రది ఖాయమయ్యాక
బిల్లు రాస్తూ అడిగాడు:
"మంచు ఎటు పోస్తారు?"

అది నేను అనుకోనే లేదు.
కుడివైపు మా వంటింటి గోడ, గ్యాసు మీటరు.
ఎడమవైపు లెంపీగారి లైలాక్ పొదలు.
తూర్పార పట్టినట్టే గాలి చూసుకోవాలన్నాడు,
ఆ మాట అతనికి రాదనుకోండి, చేత్తో చూపించాడు.
ఇక్కడ గాలి పడమటి నుంచి, సరస్సు మీంచి వస్తుంది.
పొట్టు ఎగిరిపోదు, తిరిగొచ్చి మొహాన కొడుతుంది.

సాయంత్రం లెంపీగారి తలుపు కొట్టాను.
ఎనభై ఆరేళ్ల మనిషి. ఆరేళ్లుగా
చెయ్యూపుకోవడమే మా పరిచయం.
మీ వైపు పోసుకోవచ్చా అని అడిగాను.
"పొయ్యి. లైలాక్‌కి అది దుప్పటి.
మెట్ల మీద మాత్రం వద్దు."
నాలుగింటికి రొద చేస్తుందండీ అన్నాను.
ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది.
"చెయ్యనీ.
ఇంకెవరో లేచారని తెలుస్తుంది."

నవంబరు పదకొండు. మోకాలి లోతు.
తాడు మూడుసార్లు లాగితే గురక మొదలెట్టింది.
మొదటి బుట్టెడు మంచు
అర్వో చెప్పినట్టే నా మొహం మీదే పడింది.
లెంపీగారింట్లో దీపం వెలిగింది.
మా కిటికీలో గోవర్ధన్, కుడి చెయ్యి ఎత్తాడు,
చెవి దాకా.
ఇంకా ఎడమకి తిప్పమంటున్నాడో,
చాల్లే లోపలికి రమ్మంటున్నాడో.