పంక్తి చివర

రాత్రి పదకొండున్నర. బేగంపేట ఆఫీసులో
ఏసీ ఆపేశారు. కిటికీ తీస్తే
ఆఖరి మెట్రో వెళ్లిన చప్పుడు.
స్క్రీను మీద రెండు వరసలు:
షమీమున్నీసా, యాకుత్‌పురా
షమీమున్నీసా, యాకుత్‌పురా
అక్షరం అక్షరం వేలుపెట్టి చూశాను.
ఒకటే.
ప్రోగ్రాం మాత్రం కాదంటుంది.

అది కాదన్నందుకు
ఆమెకి మూణ్నెల్లుగా పింఛను లేదు.
సర్కిల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని
"మేరా నామ్ తో వహీచ్ హై నా, బాబా" అందట.
ఫోన్లో ఈ మాట చెబుతూ
గుమాస్తా కాశీనాథం కొంచెం నవ్వాడు కూడా.

పొడవు కొలవాలని అప్పుడు తట్టింది.
ఒకదానికి ఒకటి ఎక్కువ.
కనపడని తోక. పదమూడో నంబరు.

నారాయణగూడలో, మిఠాయి కొట్టు పై మేడలో
పాండురంగం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్.
రోజుకో గంట, నెలకి ముప్పై రూపాయలు.
మిషను టింగుమనగానే ఎడంచెయ్యి లీవరు మీదికి.
"ఒక్క తోపులో రెండు పనులమ్మా" అనేవారు.
"బండి మొదటికి రావాలి, కాగితం పైకి జరగాలి.
మొదటికొచ్చి కిందికి దిగలేదనుకో,
రాసినదాని మీదే రాస్తావు.
దిగి మొదటికి రాలేదనుకో,
మెట్లు దిగినట్టు దిగుతూ కోటీ దాకా పోతావు."

ఆ రెండు పనులకీ రెండు గుర్తులు
మిషన్లు పోయినా మిగిలాయి.
విండోస్ రెండూ పెడుతుంది,
రిటైరైనా సంతకాల రిజిస్టరు వెతుక్కునే మనిషిలా.
లినక్స్‌కి దిగితే చాలు, మొదటికి వచ్చేసినట్టే.
పాత మాక్ ఒకటుండేది,
ఉత్తినే మొదటికొచ్చి, దిగానని నమ్మేది.

మా మేనమామ ఉత్తరాపోశనం పడితేగానీ
మా ఇళ్లలో పంక్తి లేవదు.
షమీమున్నీసా ఇంట్లో
దస్తర్‌ఖాన్ మడిచేస్తే అయిపోయినట్టే.
ఎవరిది తప్పు? రెండు చోట్లా తిన్నారు.
ఇక్కడి చివర అక్కడ అర్థం కాలేదు, అంతే.
వార్డాఫీసు పిల్ల విండోస్ మీద కొట్టింది.
మా సర్వరు పదిని చూసి పంక్తి లేచిందనుకుంది,
ముందున్న పదమూడుని
యాకుత్‌పురాకే అంటగట్టింది.

ఒక్క లైను రాశాను:
చదివేటప్పుడే, చివర ఏ తోకున్నా తీసెయ్.
మళ్లీ నడిపితే
ఆ వార్డులో కొత్తగా కలిసిన పేర్లు నూటపద్నాలుగు.
నేను ఒక్కామె గురించే అనుకుంటున్నాను ఇందాకటి దాకా.

"పేరులో ఏం తప్పుందమ్మా?" కాశీనాథం మెసేజ్.
పేరులో ఏం లేదండీ. రేపు రమ్మనండి.
పంపాక ఎడంచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.
లీవరు లేదు.

మూణ్నెల్ల బకాయి ఏ కాలమ్‌లో వెయ్యాలో
ఫైలంతా వెతికాను.
దానికి కాలమ్ పెట్టలేదు.