ఐదో రోజు పులుపు

టార్టూలో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
నది గడ్డకట్టింది, దాని మీద
ఎవరిదో సైకిలు చక్రం గీత.
నా పేరు ఉర్వె. రాత్రి షిఫ్టు.
ఇరవై రెండేళ్ళు పాలకేంద్రంలో పులుపు కొలిచాను,
అది మూతపడ్డాక ఇక్కడికొచ్చాను.
ఇక్కడా కొలిచేది పులుపే.

రెండు లీటర్ల గాజు పాత్ర.
లోపల లేత గులాబీ నీళ్ళు, ఆగని చిన్న కవ్వం,
కవ్వం చుట్టూ చిట్టెలుక కణాలు.
ఆ చిట్టెలుక పోయి నా వయసు కంటే ఎక్కువే అయింది.
దాని లోపలి చిటికెడు మాత్రం
చావడం మరిచిపోయి
ఇంకా ఆకలి ఆకలి అంటూనే ఉంది.

తాయ్మో లెక్కల మనిషి. ముప్ఫై దాటలేదు.
పాత్రని ముట్టుకోడు, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాడు,
జేబులో డబ్బుల్లేని పిల్లాడు మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టు.
బోర్డు దగ్గర మాత్రం రాజు.
"చక్కెర ఇంత లోపలికి, పులుపు ఇంత బయటికి.
కణం లోపల ఏదీ నిలవుండదు.
జమా ఖర్చూ కలిపితే సున్నా రావాలి ఉర్వె, ప్రతి క్షణం."
నా జీతం నెలకోసారైనా సున్నాకి తేలదు,
ఇంకా కిందికే పోతుంది, అన్నాను.
నవ్వలేదు. మరో నిలువు వరస రాశాడు.

నాలుగు రోజులు అతని గీత మీదే నడిచాయి నా చుక్కలు.
ఎనిమిది. పదమూడు. పంతొమ్మిది. ఇరవై నాలుగు.
అలాంటప్పుడు లోకం మన మాట వింటున్నట్టే ఉంటుంది.
అరిగేదానికంటే ఎక్కువ చక్కెర మింగి
సగం నమిలి ఉమ్మేస్తున్నాయి కణాలు,
పెళ్ళి విందులో పిల్లల్లా.

ఐదో రాత్రి రెండు గంటలకు: ఇరవై రెండు.
సూది మార్చి మళ్ళీ తీశాను. ఇరవై రెండు.
యంత్రం కడిగి, తెలిసిన ద్రావణంతో సరిచూసి, మళ్ళీ.
ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది.
ఫోన్ చేశాను. "నమూనా పాడైంది," అన్నాడు నిద్రలోంచే.
"ఆ గీత దిగదు. దిగడానికి నా సమీకరణంలో దారే లేదు."

నీ సమీకరణంలో లేదు నాయనా.
పాత్రలో ఉంది.

చక్కెర ఇంకా మిగిలే ఉంది, అదీ విచిత్రం.
పళ్ళెంలో తిండి ఉండగానే
తాము ఉమ్మిన పులుపు వైపు తిరిగాయి,
ఒకటీ రెండూ కాదు, కోట్లు,
ఎవరూ గంట కొట్టకుండా.
కక్కిన కూటికి ఆశపడొద్దని మనకి మనం చెప్పుకుంటాం.
వాటికెవరు చెప్పారు?
వాటికది కూడే.

తెల్లారేసరికి,
కాదు, ఇక్కడ తెల్లారదు, గడియారం ఏడు కొట్టేసరికి
భుజాల మీద మంచుతో వచ్చాడు.
మూడు కాగితాలూ చూశాడు. చివరిది రెండుసార్లు.
బోర్డు తుడుస్తాడనుకున్నాను, తుడవలేదు.
నడిమధ్య ఒక నిలువు గీత గీశాడు.
ఇటు 'ముందు', అటు 'తర్వాత'.
అదే కణం, అవే దారులు,
ఒక్క బాణం మాత్రం తల తిప్పుకుంది.
"ఎప్పుడు తిప్పుకుందో రాయగలను. ఎందుకో రాయలేను."

ఆ గీత మందమెంత, అనడిగాను.
"అంటే?"
రాత్రి ఎనిమిదికీ రెండింటికీ నడుమ
ముందులోనూ లేక, తర్వాతలోకీ రాని కణాలు
ఎక్కడ నిలబడాలి?

చాక్‌పీసు చేతిలోనే ఉండిపోయింది.
సంచిలోంచి రొట్టె తీశాను, నల్ల రై రొట్టె,
మా అక్క హెల్యు పులిపిండితో చేసింది.
ఆ పిండి వయసు అక్కకీ తెలీదు,
ప్రతిసారీ ఓ గుప్పెడు దాస్తుంది, మళ్ళీ కలుపుతుంది.
సగం తుంచి ఇచ్చాను. నమిలి, పుల్లగా ఉందన్నాడు.
"ఎంత?" అన్నాను.
ఈ ఐదు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

ఎనిమిదింటికి ఇంకో నమూనా.
నా షిఫ్టు ఏడున్నరకే అయిపోయింది.
అయినా చేతి తొడుగులు వేసుకున్నాను.
వెనక తాయ్మో
ఆ నిలువు గీతని వేలితో రుద్దుతున్నాడు,
పూర్తిగా చెరపట్లేదు,
పొగంత వెడల్పు చేస్తున్నాడు.