గంటసేపు విడిపించిన పోగు

వెనక కంబళి పట్టుకున్నది నేను.
ఫోటోలో ఎడమ అంచున, పైన,
నాలుగు వేళ్ళున్నాయి చూడండి, నావే.
నా పేరు ఛుంగ్‌దాక్.
ఇక పిల్లలు చాలు అని ఆ పేరుకర్థం.
మా అమ్మకు నేను తొమ్మిదోవాణ్ణి.

ల్హాసాలో ఆ చలికాలం
పాల్‌బర్ దొరగారికి నాలుగో హోదా వచ్చింది.
నడినెత్తిన ముడి, ముడిలో బంగారు తాయెత్తు పెట్టె,
పసుపు పట్టంగీ,
ఎడమ చెవి మాత్రం బోసి.
వేలెడు పొడవు ఫిరోజా పోగు వేలాడాలి అక్కడ.
అది లేని అధికారి
ముద్ర పడని ఉత్తరువు.

పోగు రెండేళ్ళుగా
నేపాలీ షావుకారు రత్నమాన్ ఇనప్పెట్టెలో కుదువ ఉంది.
ఇనప్పెట్టె పక్కనే ఇంకో పెట్టె, మూడు కాళ్ళది.
అప్పిచ్చేవాడూ ఫోటో తీసేవాడూ
మా వీధికి ఒక్కడే.
"గంటసేపు పెట్టుకోండి," అన్నాడు తనంతట తనే.
"గంటకు వడ్డీ కట్టను."

దొరసాని యాంగ్‌కీకి
పోగు మెరుగుకు ఇచ్చామని చెప్పి ఉంది.
ఆవిడ వచ్చి, చెవి దగ్గర వంగి చూసి
"మెరుగు బాగా పెట్టాడు," అంది.
షావుకారు గబుక్కున నల్లగుడ్డలో దూరాడు.

దొరగారి అన్న, లామా రప్‌సల్,
గాడిద మీద మూడు రోజులు వచ్చి
ముందు ఆ గుడ్డలోనే తల పెట్టాడు.
గాజు మీద తమ్ముడు తలకిందులుగా,
పోగు ఆకాశంలోకి వేలాడుతూ.
"ఇన్నాళ్ళకు నిన్ను సరిగ్గా చూశానురా!"
నవ్వు ఆపడానికి టీ తాగించాల్సొచ్చింది.

కదలొద్దన్నాడు షావుకారు. ఎనిమిది అంకెలు.
దొరగారు ఊపిరి బిగబట్టారు.
లామా జపమాల తిరుగుతూనే ఉంది.
"ఈ చేతులు నా మాట వినడం మానేసి
నలభై ఏళ్ళయింది నాయనా."
అందుకే ఆయన బొటనవేలు ఉండాల్సినచోట
కాస్త పొగ.
నాకు కంబళి తప్ప ఏమీ కనిపించలేదు.
యాక్ వెంట్రుకల కంపు, భుజాల పీకు,
ఆరో అంకె దగ్గర ఎవరిదో దగ్గు.

గంట కాకముందే పోగు దిగింది.
చెవి తమ్మె మీద ఎర్రటి గీత.
షావుకారు చిట్టాలో ఏమీ రాయలేదు.

ప్లేటు కడిగితే నా వేళ్ళు బయటపడ్డాయి.
మళ్ళీ తీద్దామనేలోపు
దొరగారిని ఛామ్‌దో పంపారు.
అక్కడ మశూచి.
అసలు తీరలేదు, వడ్డీ తీరలేదు,
పోగు ఏ చెవికి పోయిందో.
"నీ వేళ్ళు పడి చెడింది, నువ్వే ఉంచుకో,"
అని షావుకారు నాకిచ్చిన బొమ్మ ఇది.

ఏడాదికోసారి దొరసాని వచ్చేది దీన్ని చూడ్డానికి.
కూర్చునేది కాదు.
కిటికీ వెలుగులో పట్టుకుని
మొగుడి మొహం దాటించి
చెవి దగ్గర ఆగేది.

పోయినసారి అదే మాట అంది:
"మెరుగు బాగా పెట్టాడు."

తల దూర్చడానికి
నా దగ్గర నల్లగుడ్డ లేదు.