పాస్‌వర్డ్‌కి నాలుగు కాళ్ళు

కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను.
వారాసిగూడ ఖలీల్ దుకాణంలో
సంచీ వెనక అక్షరాలు చీమల బారు.
"ప్రోటీన్ ఎంతుంది బాబూ? భాస్వరం?"
"బొమ్మల కుక్క మంచిగ నవ్వుతుంది చూడమ్మా, గంతే."
నవ్వే కుక్కకి కిడ్నీలు బాగున్నట్టే ఉంది.
మా జొన్నకి బాగాలేవు.

దవాఖానలో డాక్టరమ్మ చిట్టీ రాసింది:
ఉప్పు తక్కువ, భాస్వరం తక్కువ,
కోడి మెడలు బంద్.
ఆ బంద్ కింద రెండు గీతలు.
ఇంటికొచ్చేదాకా ఆటోలో జొన్న
ఆ చిట్టీనే వాసన చూస్తూ కూర్చుంది.

పదకొండేళ్ళుగా దాని పేరే నా తాళం.
మెయిలుకి జొన్న,
బ్యాంకుకి జొన్న పక్కన ఒకటి,
కరెంటు బిల్లుకి జొన్న పక్కన రెండు.
రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి
గల్లీ అంతా వినబడేట్టు నేనే కేకేసే పేరు.
దాన్నే రహస్యమనుకుని దాచుకున్నాను.

పోయిన వానాకాలం
అదే తిండి సగం ధరకని ఫోన్‌లో మెరిసింది.
నొక్కాను.
రెండువేల మూడువందలు పోయాయి, సంచీ రాలేదు.
జొన్న, నా చేతి బిస్కెట్‌నైనా
మూడుసార్లు ముక్కు పెట్టి చూసి,
ఓసారి నా మొహం చూసి,
అప్పుడు నోరు తెరుస్తుంది.
నేను ఏ వాసనా చూడలేదు.
డబ్బుకంటే అదే ఎక్కువ మండింది.

రాణీగంజ్ పైపుల కొట్లో లెక్కలు రాస్తాను.
ఏడింటికి షట్టర్ దించేముందు
ఆ రోజు లెక్కంతా పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి
బొడ్లో దోపుకుని బస్సెక్కుతాను.
నాలా పొంగి కంప్యూటర్ మునిగిన ఏడు
సేఠ్ అన్నమాట అది:
"కాయితం కాలుతది, మిషన్ మునుగుతది,
నువ్వు మరిచిపోతవ్. మూడు చోట్ల పెట్టు."

పైపుల లెక్కలు మూడు చోట్ల ఉన్నాయి.
జొన్న పిల్లప్పటి ఫోటోలు
అద్దం పగిలిన ఒక్క ఫోన్‌లో ఉన్నాయి.
అందులోనే పద్నాలుగు సెకన్ల వీడియో:
మంచం మీద జొన్న,
కనబడకుండా మా రూతక్క గొంతు,
"ఛీ, దిగు. దిగవే. సరే పడుకో."
అక్క గొంతు ఇంకెక్కడా లేదు.

జొన్నకి ఇదంతా ఎప్పుడో తెలుసు.
ఒక ఎముక నిమ్మచెట్టు కుండీలో,
ఒకటి బియ్యం డబ్బా వెనక,
ఒకటి గోడ దూకి, పక్కింటి వాళ్ళ స్కూటర్ కవరు కింద.
ఇల్లు దాటి ఒకటి ఉండాలని
దానికే సేఠ్ చెప్పాడో.

ఆదివారం పక్కింటి తబస్సుమ్‌ని కూర్చోబెట్టుకున్నాను.
"కుక్క పేరొద్దు సువార్తాంటీ, పుట్టిన తారీఖొద్దు,
ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు చెప్పండి."
వంటింటి వైపు చూసి చెప్పాను.
మీకు చెప్పను.
"మీ ఫోన్‌కి ఆరంకెలొస్తయ్, ఎవరడిగినా ఇయ్యొద్దు."
"ఎవరడిగినా?"
"నేనడిగినా."
ఆ పిల్లకి రెండు కజ్జికాయలిచ్చాను.

పాత ఫోన్ నుంచి హార్డ్‌డిస్క్‌కి
ఫోటోలు నత్తలా పాకుతున్నాయి.
హార్డ్‌డిస్క్ నిండాక ఇంకోటి నింపి
కొట్లో బీరువాలో పెట్టాలి, లెక్కల పక్కన.
అక్క ఉన్నప్పుడే చేయాల్సిన పని కాదు గానీ
చేసుంటే బాగుండేది.

తిండి ఒక్కసారిగా మార్చకూడదట.
ఈ రెండ్రోజులూ పావు కొత్తది, ముప్పావు పాతది,
తర్వాత సగం సగం.
వేళ్ళకి మాత్రం ఎవరూ అట్లా చెప్పలేదు.
మెయిలు తెరిచిన ప్రతిసారీ
ముందు జొన్న దగ్గరికే పోతాయి.
తప్పు, అంటుంది ఫోన్.
మళ్ళీ కొడతాను. తప్పు.

గిన్నె చప్పుడు ఆగాక వెళ్ళి చూశాను.
పాతవన్నీ ఏరుకుని తింది.
కొత్తవి పదిహేడు మిగిల్చింది.
లెక్కపెట్టాను, అలవాటు.